బావ తాగని బీడీ

అడవి పార్కులో పూలతోట కాలింది మా బావ బీడీ వల్ల కాదు, నా వల్ల. ఈ ఒక్క వాక్యం ఆ పొద్దున్నే, పొగ ఆరకముందే చెప్పి ఉంటే ఇప్పుడు ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు. చెప్పలేదు. చెప్పడానికి నోరైతే తెరిచాను. అందులోంచి వేరే మాట వచ్చింది. ఆ మాటేమిటో దాని చోటు వచ్చినప్పుడు చెబుతాను. నిప్పు పెట్టడం కంటే అదే పెద్ద తప్పు.

మా చుట్టాల్లో ఇప్పటికీ ఎవరింట్లో శుభకార్యం జరిగినా, వంటవాళ్లు పొయ్యి ముట్టించే వేళకు ఎవడో ఒకడు "అగ్గిపెట్టె ఎందుకు, కొత్తగూడెం బావను పిలువుండ్రి" అంటాడు. అందరూ నవ్వుతారు. ఆ హాస్యాన్ని ఊరూరా మోసింది నేనే. అబద్ధాన్ని నిలబెట్టాలంటే దాని మీద నవ్వించడాన్ని మించిన పద్ధతి లేదని అప్పట్లో కనిపెట్టాను. నవ్వేవాడు ప్రశ్నలడగడు.

నాకు తల్లాడలో ఎరువుల దుకాణం ఉంది. పొద్దున లేస్తే ఏ చేనుకు ఏ మందు కొట్టాలో రైతులకు చెప్పడం నా పని. కౌంటరు వెనక చాలా ఏళ్లు నిలబడితే మనిషికి ఒక జబ్బు వస్తుంది. తనకు తెలియని విషయం భూమ్మీద లేదనిపిస్తుంది. మా ఆవిడకు ఈ జబ్బు సంగతి బాగా తెలుసు. ఆవిడది మధిర. అక్కడివాళ్లకు విజయవాడ గాలి తగులుతుంది కాబట్టి ఆవిడ "ఏంటండీ" అంటుంది, నేను "ఏందే" అంటాను. అయినా సంసారం నడుస్తోందంటే అందులో నా గొప్ప ఏమీ లేదు.

మా అక్కను కొత్తగూడెంలో ఇచ్చారు. బావ పని బొగ్గు బాయిలో, అంటే నేల అడుగున గనిలో. అక్కడ దిగే ముందు ప్రతి మనిషినీ చేతులు పైకెత్తించి జేబులు తడుముతారు. బీడీ గానీ అగ్గిపెట్టె గానీ దొరికిందా, ఆ రోజుకు పని లేదు, ఆ తర్వాత తోటివాళ్ల దగ్గర ముఖం లేదు. లోపల గ్యాసు ఉంటుంది. ఒకడి తలనొప్పి తీర్చే అగ్గిపుల్ల మిగతా అందరి తలలూ తీసేయగలదు. అందుకని బావ తన బీడీ కట్టనూ అగ్గిపెట్టెనూ బాయి బయట టీకొట్టులో అప్పజెప్పి దిగేవాడు. పైకి రాగానే ముఖం కూడా కడుక్కోకుండా, షిఫ్టంతా తాగనిది మొత్తం కలిపి తాగేవాడు.

కానీ నిప్పు దగ్గర ఆయన పద్ధతే వేరు. వెలిగించిన పుల్లను వేళ్లతో నలిపి, చల్లారిందో లేదో చూసి, మళ్లీ పెట్టెలోనే వేసుకునేవాడు. బీడీ ముక్కను నీళ్లలో ముంచితే గానీ పారేసేవాడు కాదు. ఆ నీళ్లు ఏ గ్లాసులో ఉన్నాయన్న పట్టింపు మాత్రం ఉండేది కాదు. మా అక్క ఇంట్లో మంచినీళ్లు తాగాలంటే ముందు వాసన చూసి తాగాలి.

కొన్నేళ్ల కిందట, ఎండాకాలం మొదట్లో, మేం నలుగురం నా కారులో భద్రాచలం వెళ్లాం. పిల్లలకు పరీక్షలు, వాళ్లు హాస్టళ్లలో ఉన్నారు. దర్శనం చేసుకుని, తిరుగు దారిలో చండ్రుగొండ వైపు అడవిలో ఉన్న ఒక పార్కులో రాత్రికి టెంట్లు వేసుకుని ఉండాలని ప్లాను. ప్లాను నాదే. ఫోనులో ఎవరివో ఫోటోలు చూసి, టెంటు ముందు కాళ్లు చాపుకుని టీ తాగితే నా బొజ్జ కూడా వాళ్ల బొజ్జలాగే కనపడదనుకున్నాను.

బావకు అప్పటికే దగ్గు పట్టుకుంది. దారంతా కారు ఇంజను కంటే ఎక్కువ చప్పుడు చేశాడు. గోదావరి మెట్ల దగ్గర మా అక్క ఇక ఊరుకోలేదు.

"రాముని దగ్గరికి వచ్చినం. ఇయ్యాల ఒట్టు పెట్టు. బీడీ ముట్టనని."

"రామునికి పొగ కొత్తనా? అడవిల ఉండి ఉండి ఆయనకు అలవాటే అయి ఉంటది..."

"మాటలు జెప్పకు. పెడతవా, నన్ను గోదాట్ల దుంకమంటవా?"

బావ ఆమె ముఖంలోకి చూశాడు. అక్క కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి. ఆయన జేబులోంచి బీడీ కట్ట తీసి, కళ్లు మూసుకుని ఏదో అనుకుని, గోదావరిలోకి విసిరాడు. అది నీళ్ల మీద ఒక చుట్టు తిరిగి నెమ్మదిగా ఒడ్డుకు, సరిగ్గా ఆయన కాళ్ల దగ్గరికే వచ్చింది. మళ్లీ విసిరాడు. మళ్లీ వచ్చింది.

"గోదావరమ్మ కూడా వద్దంటోంది అన్నయ్యా" అంది మా ఆవిడ.

పక్కన స్నానం చేస్తున్న ఒక పెద్దావిడ, "పవిత్రమైన నీళ్లల్ల గదేం పాడు పని?" అని అరిచింది. చివరికి ఆ తడి కట్టను మెట్ల పైన చెత్తడబ్బాలో వేయాల్సి వచ్చింది. వేసేటప్పుడు బావ ముఖం చూస్తే ఎవరినో సాగనంపుతున్నట్టుంది.

అగ్గిపెట్టె మాత్రం ఉంచుకున్నాడు. అక్క అనుమానంగా చూసింది.

"పొయ్యి ఎట్ల ముట్టియ్యాలె? నీ తమ్ముని లైటరు టక్ టక్ అనుడే గని మంట రాదు" అన్నాడు.

అది నిజమే. నేను తెచ్చిన చిన్న గ్యాసు పొయ్యి లైటరు చప్పుడు తప్ప ఏమీ చేసేది కాదు. ఈ అగ్గిపెట్టెను గుర్తుంచుకోండి.

పార్కు చేరేసరికి ఎండ వాలింది. టేకు చెట్లు ఆకులు రాల్చి మోడులై ఉన్నాయి. నడిస్తే కాళ్ల కింద అప్పడాలు విరిగినట్టు చప్పుడు. మోదుగ పూలు అప్పటికే రాలిపోతున్నాయి. టెంట్లు అక్కడే కిరాయికి ఇచ్చారు. వాటిని నిలబెట్టడం నాకు తెలుసని నేనే చెప్పాను. కాసేపటికి టెంటు లోపల నేనూ, బయట దాని కర్రలూ మిగిలాం. బావ వచ్చి, గనిలో పైకప్పుకు దిమ్మెలు నిలబెట్టే మనిషి కాబట్టి, మాట్లాడకుండా రెండూ నిలబెట్టేశాడు.

టెంట్లకు పక్కనే వెదురు కంచె వేసిన పూలతోట ఉంది. చెట్ల నీడలోనే పెంచిన తోట అది. పందిరికి పాకిన అడవి మల్లె, పచ్చటి పూలతో కొండగోగు, గడ్డి కప్పు కింద మొద్దులకు కొబ్బరి పీచుతో కట్టిన ఆర్కిడ్లు. దాన్ని చూసుకునేది దగ్గరి గూడెం ఆవిడ. మా వయసే ఉంటుంది, గొంతు మాత్రం మా నలుగురి గొంతులూ కలిపినంత. గేటు దగ్గరే ఆపింది.

"చెప్పులు బయట. పూలు తెంపొద్దు. సెల్ఫీలు దిగుతె దిగుండ్రి గని మొక్కల మీద వొరుగొద్దు. నిన్న ఒకామె వొరిగి వొరిగి మల్లెపందిరి మీదనే పడ్డది."

లోపల నేను నా దుకాణం తెరిచాను. కనపడ్డ ప్రతి మొక్క పేరూ చెప్పాను. తెలిసినవి కొన్ని, అప్పటికప్పుడు పెట్టినవి కొన్ని. ఆవిడ కాసేపు విని, "సారు బాగ మాట్లాడుతుండు, ఈయన్ను గేటు కాడ కూసోబెడితే మైకు ఖర్చు తప్పుతది" అంది.

బావ మాత్రం ఒక మొద్దు ముందు ఆగిపోయాడు. దాని మీద ఆకుపచ్చటి వేళ్లు పాకి ఉన్నాయి. ఒక కొసన చిన్న ఊదారంగు మొగ్గ ఉంది.

"దీనికి మట్టేదమ్మా?"

"ఇది మట్టి అడగదన్నా. గాలికి బతుకుతది."

"మేము మట్టిల బతుకుతం, గాలి పైనుంచి పంపాలె" అన్నాడు బావ. "ఇది మాకు ఉల్టా." చేతులు వెనక కట్టుకుని వంగి, దాన్ని చాలాసేపు చూశాడు. "ఎప్పుడు పూస్తది?"

"రేపో ఎల్లుండో. అదృష్టముంటె రేపు పొద్దుగాల్నే చూస్తవ్."

ఆ సాయంత్రం నేను ఇంకో గొప్ప కూడా చెప్పుకున్నాను. మా టెంట్ల వెనక, తోట కంచెకు ఆనుకుని ఒక పెద్ద ఇప్పచెట్టు ఉంది. మా అమ్మమ్మ వాళ్లది ఈ చుట్టుపక్కల పల్లే. ఇప్పపూలు తెల్లవారగట్ల రాలతాయనీ, అమ్మమ్మ వాటిని ఏరి, ఎండబెట్టి, వేయించి, నువ్వులు కలిపి ఉండలు చేసేదనీ, పొద్దున్నే నేను ఏరి చూపిస్తాననీ చెప్పాను.

"ఉండలకా, సారా కాసెటందుకా బామ్మర్దీ?" అన్నాడు బావ.

"మీరు ఒంగితే లేవరు. ఇంక ఏరేదెవరు?" అంది మా ఆవిడ.

ఈ మాట నన్ను పొడిచింది. మనిషిని చెడగొట్టడానికి పెద్ద పెద్ద ఆశలు అక్కర్లేదు, భార్య ముందు వంగి లేవగలనని చూపించాలన్న కోరిక చాలు.

తెల్లవారుతుండగా అందరికంటే ముందు లేచాను. చెట్టు కింద ఇప్పపూలు అప్పుడే టపటపా రాలుతున్నాయి, తేనె కలిపిన పిండిలాంటి వాసన. కానీ కింద మోకాలి లోతు ఎండుటాకులు. పువ్వు పడితే ఆకుల్లో మాయమవుతోంది. అప్పుడు నాకు అమ్మమ్మ పద్ధతి గుర్తొచ్చింది. ఈ ప్రాంతంలో ఇప్పపూలు ఏరేవాళ్లు ముందు చెట్టు కింద ఆకులు ఊడ్చి, కుప్ప చేసి కాల్చేస్తారు. నేల బోసిగా నల్లగా అవుతుంది, దాని మీద పడిన తెల్లటి పువ్వు ముసలి కంటికి కూడా కనపడుతుంది. అమ్మమ్మ కాల్చేటప్పుడు చుట్టూ నేల గీకి, నీళ్ల బిందె పక్కన పెట్టుకుని, మంట ఆరేదాకా చేతిలో పచ్చి కొమ్మతో నిలబడేది. నాకు కాల్చడం గుర్తుంది. మిగతాది గుర్తు రాలేదు.

ఒక ఎండుకొమ్మతో ఊడ్చాను. కుప్ప చేశాను. బావ చొక్కా టెంటు తాడు మీద ఆరేసి ఉంది. దాని జేబులోంచి అగ్గిపెట్టె తీసి, కుప్ప ముట్టించి, పెట్టెను మళ్లీ అదే జేబులో పెట్టేశాను. అంత నిజాయితీపరుణ్ని.

ఆకులు చక్కగా అంటుకున్నాయి. సరిగ్గా అప్పుడే కోతులు వచ్చి మా బ్రెడ్డు సంచి లాక్కుపోయాయి. ఆ సంచిలోనే కారు తాళం కూడా ఉంది. నేను "హై హై" అంటూ వాటి వెనక పార్కు రోడ్డు దాకా పరుగెత్తాను. ఒక ముసలి కోతి కల్వర్టు మీద కూర్చుని, నన్ను చూస్తూ, తీరిగ్గా జాము సీసా మూత తిప్పింది. నాకు ఇంట్లో ఎప్పుడూ ఆ మూత రాదు. తాళం కిందపడేసింది, అదే పదివేలనుకుని, మిగిలిన బ్రెడ్డుతో వెనక్కి తిరిగాను. చెట్ల మీద పొగ కనపడింది.

నేను వచ్చేసరికి కంచె కాలుతోంది. గాలికి నిప్పు ఆకుల మీదుగా పాకి తోటలోకి దూరింది. మల్లెపందిరి సగం పోయింది, ఆర్కిడ్ల మీది గడ్డికప్పు అంటుకుంది. ఆ పొగలో బావ ఒక్కడే ఉన్నాడు. లుంగీ ఎగగట్టి, ఒట్టి కాళ్లతో, తన చొక్కాతోనే మంటను బాదుతున్నాడు. నిప్పుకు ఎదురు వెళ్లకుండా పక్కనుంచి కోసుకుంటూ, అక్కడక్కడా కాలితో మట్టి తోసి ఆపుతున్నాడు. గూడెం ఆవిడ డబ్బాలతో నీళ్లు తెచ్చి పోసింది. అంతా కాసేపట్లోనే ఆరిపోయింది. అప్పటికి మా అక్కా, మా ఆవిడా టెంట్లలోంచి బయటికి వచ్చి నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు.

బావ ఊపిరి తీసుకోవడానికి ఆగి, మసిబారిన చొక్కా దులిపాడు. జేబులోంచి అగ్గిపెట్టె కిందపడింది.

గూడెం ఆవిడ దాన్ని తీసింది. "బీడీ తాగేదెవరు మీలో?"

మా ఆవిడా, అక్కా ఒకేసారి బావ వైపు చూశారు. నేనూ చూశాను. ఆలోచించి చూడలేదు, వాళ్లు చూశారని చూశాను. కానీ చూశాను.

"నేను తాగలే" అన్నాడు బావ. "పొగ వాసనకు లేసిన."

"ఏ పొగ వాసనకు? నీ బీడీ పొగకా?" అక్క మీదికి వచ్చింది. "నిన్న దేవుని ముంగట గోదాట్ల పడేసి, ఇయ్యాల పొద్దుగాల్నే షురూ జేసినవా? ఒక్క రాత్రి ఆగలేకపోయినవా?"

"నీ మీద ఒట్టు. తాగలే."

"నా మీద ఒట్టేసి నన్ను గూడ కాలవెడతవా?"

గూడెం ఆవిడ ఇప్పచెట్టు కింద చూసి, "ఇక్కడ ఎవరో ఊడ్చినట్టున్నదే" అంది.

"గాలికి కొట్టుకపోయి ఉంటయి" అన్నాను నేను.

బావ నా వైపు తిరిగాడు. అనుమానంతో కాదు, సాయం కోసం. ఇంట్లో మగవాడివి, నాకు ఒక మాట సాయం చెయ్ అన్నట్టు చూశాడు. అప్పుడు నేను నోరు తెరిచాను. చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకుని, మా అక్క భుజం మీద చెయ్యి వేసి, పెద్దమనిషి తరహాలో అన్నాను:

"పోనియ్ అక్కా, తెలియక చేసిండు."

ఇదీ ఆ మాట. చేయని తప్పును నేను క్షమించేశాను.

గూడెం ఆవిడ అధికారులకు చెప్పనంది గానీ, మధ్యాహ్నం దాకా బోరు దగ్గర్నుంచి నీళ్లు మోసి మిగిలిన మొక్కలు తడపాలంది. బావ మోశాడు. నేనూ మోశాను. మా అక్క అది చూసి, "చూడు, నీ బామ్మర్ది ఎంత మంచోడో. నువ్వు జేసినదానికి వాడు మోస్తుండు" అంది. బావ తల ఎత్తలేదు. ఊదా మొగ్గ ఉన్న మొద్దు దగ్గర మాత్రం డబ్బా దించి నిలబడ్డాడు. ఆ మొద్దు బొగ్గైంది. ఆయనకు బొగ్గు కొత్త కాదు. అయినా చాలాసేపు చూశాడు.

తిరుగు దారిలో చండ్రుగొండ దగ్గర టీకి ఆగాం. బావ పక్క కొట్టుకు వెళ్లి, అందరూ చూస్తుండగా ఒక బీడీ కట్ట కొని వెలిగించాడు.

"ఎట్లయినా తాగినోని కిందనే లెక్క గదా" అన్నాడు. "తాగకుండ ఎందుకు తిట్లు పడాలె?"

అక్క కారెక్కి అద్దం పైకి ఎత్తేసింది. ఆయన పుల్లను వేళ్లతో నలిపి, చల్లారిందో లేదో చూసి, పెట్టెలో వేసుకున్నాడు. అది నేను చూశాను. నేను తప్ప ఎవరూ చూడలేదు.

తర్వాతి ఏళ్లలో నేను ఏం చేశానంటే, ఏమీ చేయలేదు. అదీ అబద్ధమే. ఆ కథ చెప్పాను, ప్రతి పెళ్లిలో, ప్రతి చావు భోజనంలో. చెప్పే కొద్దీ కంచె పెరిగి పార్కైంది, పార్కు పెరిగి అడవైంది. బావ దగ్గు కూడా పెరిగింది. దవాఖానాలో డాక్టరు బీడీ మానేయమంటే అక్క, "ఈయన దేవునికే అబద్ధం జెప్పిండు, మీరెంత సారూ" అనేది.

బావ రిటైరైన రోజు మేమందరం వెళ్లాం. బాయి దగ్గరే టెంటు వేసి, దండలు వేసి, శాలువా కప్పారు. ఆయన పై అధికారి మైకు తీసుకుని, సర్వీసు మొత్తంలో ఈయన జేబులో ఒక్కసారి కూడా అగ్గిపుల్ల దొరకలేదనీ, కొత్తగా చేరిన వాళ్లకు ఈయన్నే చూపించేవాళ్లమనీ చెప్పాడు. ముందు వరసల్లోని కార్మికులు చప్పట్లు కొట్టారు. వెనక వరసలో మా చుట్టాలు కిసుక్కున నవ్వారు.

తర్వాత, బంధువుల తరఫున మాట్లాడమని మైకు నాకిచ్చారు. ఎదురుగా జనం, చేతిలో మైకు, నాలో ఎరువుల దుకాణం. "సారు చెప్పింది నిజమే" అన్నాను. "మా బావ బాయిల ఎన్నడూ నిప్పు పెట్టలేదు. అంతా దాచుకుని అడవిల పెట్టిండు."

టెంటంతా గొల్లుమంది. ఆ అధికారి కూడా నవ్వాడు. బావ మెడలో దండతో కూర్చుని, శాలువా అంచును మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు.

భోజనాల దగ్గర చేతులు కడుక్కుంటుంటే నా పక్కకు వచ్చాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే బాగుండేది.

"బామ్మర్దీ, సదువు లేదు నాకు. ఇల్లు బ్యాంకోనిది. ఊపిరి ఇగ డాక్టరోనిది. నాదంటూ ఉన్నది గదొక్కటే, జేబుల అగ్గిపుల్ల దొరకలేదనే మాట. నా తోటి మనుషుల ముంగట దాన్ని గూడ నవ్వులపాలు జేస్తివి" అన్నాడు. తర్వాత, "గారెలు బాగున్నయి, తిను" అని వెళ్లిపోయాడు.

గారె నాకు దిగలేదు. తల్లాడ వెళ్లే దారిలో, కారు నడుపుతూ, మా ఆవిడకు మొత్తం చెప్పేశాను.

"మీరా?"

"అవ్."

"ఇన్నేళ్లూ అన్నయ్య మీద జోకులు వేసింది మీరే కదండీ."

"అవ్."

"నాకు చెప్తే ఏం లాభం? వెళ్లి వదినకు చెప్పండి. చెప్పేదాకా నాతో మాట్లాడకండి."

మాట్లాడకపోవడం నాకు శిక్షా, సుఖమా అని మొదట తేల్చుకోలేకపోయాను. తర్వాత తేలింది, శిక్షే. అక్కకు ఫోను చేసేవాణ్ని. పత్తి రేటు గురించి, ఎండల గురించి మాట్లాడి పెట్టేసేవాణ్ని. ఒకసారి మామిడిపళ్ల బుట్టతో కొత్తగూడెం వెళ్లాను. చెబుదామని గొంతు సవరించుకుంటే అక్క, "నీకూ దగ్గు తగిలిందా? ఈయన పక్కన కూసోకు" అంది. బుట్ట దించి వచ్చేశాను.

చివరికి ఆ పార్కుకే తీసుకెళ్లి చెప్పాలనుకున్నాను. మళ్లీ ఇప్పపూల కాలం రాగానే అడిగాను.

"ఈయన్ను అడివికా?" అంది అక్క. "ఎనక ఫైరింజను గూడ కట్టుకపోదాం." కానీ వచ్చింది. బావ కూడా వచ్చాడు. ఎందుకు వచ్చాడో అప్పుడు నాకు అర్థం కాలేదు. పార్కులో దిగగానే, టెంట్ల వైపు కూడా చూడకుండా, నేరుగా పూలతోట వైపు నడిచినప్పుడు తెలిసింది. ఆయనకు ఆ పువ్వు చూడాలని ఉంది.

తోటకు కొత్త కంచె వేశారు, మల్లెకు ఇనుప పందిరి. ఆర్కిడ్ల పైన గడ్డికి బదులు పచ్చటి వల. గేటు దగ్గర ఆవిడే ఉంది. జుట్టు కొంచెం నెరిసింది, గొంతు నెరవలేదు. నన్ను గుర్తుపట్టలేదు. బావను చూడగానే గేటుకు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈ అన్ననా? వామ్మో. నిన్ను నేను మరిచిపోతనా? అగ్గిపెట్టె బయట పెట్టు. బీడీలు గూడ."

"లేవమ్మా" అన్నాడు బావ. "కార్లనే పెట్టిన."

"అప్పుడు గూడ తాగలే అన్నవ్. తడిమితెగాని లోపలికి పంప."

మా అక్క పక్కన నిలబడి, "తడుము చెల్లె, మంచిగ తడుము" అంది నవ్వుతూ.

బావ వాదించలేదు. కాళ్లు ఎడం చేసి, రెండు చేతులూ పైకెత్తాడు. బాయి దిగే ముందు రోజూ ఎత్తినట్టే ఎత్తాడు, చెప్పకుండానే, అలవాటుగా. రిటైరైన మనిషి, దగ్గుతో వంగిపోయిన మనిషి, ఒక పువ్వు చూడటానికి చేతులెత్తి నిలబడ్డాడు. చొక్కా కింద పక్కటెముకలు కనపడ్డాయి. ఆవిడ చెయ్యి ఆయన జేబు వైపు వెళ్లింది.

"ఆగమ్మా" అన్నాను. "తడిమేది ఆయన జేబులు కాదు. నావి తడుము."

అందరూ నా వైపు తిరిగారు. మా ఆవిడ కళ్లు మూసుకుంది.

"ఆ రోజు నిప్పు పెట్టింది నేను. ఇప్పపూలు ఏరుదామని ఆకులు ఊడ్చి నేనే ముట్టిచ్చిన. బావ జేబుల అగ్గిపెట్టె తీసి, మళ్ల అండ్లనే పెట్టిన. కోతుల ఎనక ఉరికి మంటను మరిచిన. బావ బీడీ తాగలే అక్కా. గోదాట్ల పడేసినంక ఆయన ఒక్కటి గూడ ముట్టలే. చండ్రుగొండ దాకా ముట్టలే. అది గూడ మనం ముట్టిచ్చిందే."

అక్క భుజాన ఉన్న సంచి తీసి నా వీపు మీద ఒక్కటి కొట్టింది. అందులో మంచినీళ్ల స్టీలు సీసా ఉంది. తర్వాత బావ వైపు చూడలేక కంచె పట్టుకుని నిలబడింది.

"గాలికి కొట్టుకపోయినయన్నది నువ్వే గదా?" అంది గూడెం ఆవిడ, నన్ను ఎగాదిగా చూస్తూ. "గుర్తొచ్చింది, మైకు సారు."

బావ చేతులు ఇంకా పైనే ఉన్నాయి. దించడం మరిచిపోయాడు.

"నువ్వా?" అన్నాడు నెమ్మదిగా.

నేను దగ్గరికి వెళ్లి ఆ రెండు చేతులూ పట్టుకుని కిందికి దించాను. కారులో నేర్చుకుని వచ్చిన మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"తప్పయింది బావా" అన్నాను. "నిప్పు పెట్టినందుకు తప్పయింది. నువ్వు ఆర్పుతుంటే చూసి గూడ నోరు మూసుకున్నందుకు తప్పయింది. నీ తోటి మనుషుల ముంగట నవ్విచ్చినందుకు తప్పయింది, ఆ మైకు పట్టుకునే మళ్ల అందరి ముంగట చెప్తా. ఇంకొకటున్నది. ఆ రోజు 'పోనియ్, తెలియక చేసిండు' అన్న గదా. ఆ మాట వాపస్ తీసుకుంటున్న. నిన్ను మాఫ్ చేసెటందుకు నేనెవన్ని? నువ్వే నన్ను మాఫ్ చెయ్."